అరిసెల మీద అడుగులు

ఉభయగోదావరి, కృష్ణా మండలాల తెలుగు లోగిళ్ళలో ఒక ముచ్చటైన ఆచారం తరతరాలుగా వస్తున్నది. పసిబిడ్డ తొలిసారి బోర్లా పడిననాడు ఆ ఇంట బొబ్బట్లు చేస్తారు. కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు నేర్చితే పంచదార చిలకలు, గడప దాటితే గారెలు చేసి ఇరుగుపొరుగులకు పంచిపెడతారు. ఇంటి ఆనవాయితీని బట్టి ఒకటి రెండు వంటకాలు మారినా వేడుకలోని ఉద్దేశం మాత్రం మారదు. ఈ పట్టికను కూర్చిన పెద్దలకు పోషకవిలువలకంటె ప్రాసమీదనే మక్కువ ఎక్కువని తోస్తుంది. ఏది ఏమైనా, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో అరిసెల వేడుక నేటికీ కనిపిస్తుంది. నేలమీద వస్త్రం పరచి, దానిపై అరిసెలు వరుసగా పేర్చి, బిడ్డ రెండు చేతులూ పట్టుకొని వాటి మీదుగా నడిపిస్తారు. బిడ్డ పాదాలకు బెల్లపుపాకం, నువ్వులు అంటుకుంటాయి. చివరి అరిసె దగ్గరకు వచ్చేసరికి ఎవరో ఒకరు చేయి వదిలి చూస్తారు. చుట్టూ ఉన్నవారందరూ ఊపిరి బిగపట్టే క్షణమది.

ఈ వేడుకల వరుసను కాస్త నిదానించి పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. బోర్లా పడడం మొదలు గడప దాటడం వరకు బిడ్డ వేసే ప్రతి అడుగూ తల్లి ఒడినుంచి దూరంగా వేసే అడుగే. బిడ్డ తనకు తానుగా ఒక పని చేయగలిగినందుకు, అంటే ఒకరి సాయం కొంత తగ్గినందుకు, మన పూర్వులు పండుగ చేసుకొన్నారు. అయితే ఆ పట్టిక గడపతో ముగిసిపోతుంది. బిడ్డ తన ముద్ద తానే కలుపుకొన్న రోజుకు, చొక్కా బొత్తాలు తానే పెట్టుకొన్న రోజుకు, అలిగి ఏడవడం మాని తన కోపాన్ని మాటలలో చెప్పిన రోజుకు ఏ పిండివంటా లేదు. పైగా అంతవరకు ప్రతి అడుగుకూ చప్పట్లు చరిచిన ఇల్లే గడప దాటిన మరునాటి నుంచి ‘ఆగు’, ‘ముట్టుకోకు’, ‘నీకు చేతకాదు’ అనడం మొదలుపెడుతుంది. పిల్లల స్వావలంబనకు సంబంధించిన చిక్కంతా ఈ మలుపులోనే ఉన్నది.

ముందుగా తొందరపాటు గురించి ఒక మాట చెప్పుకోవాలి. పక్కింటి బిడ్డ పదో నెలలోనే నడిచాడు, మన బిడ్డ ఏడాది దాటినా నడవడంలేదు అని బెంగపడే తల్లులు అనేకులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా ఐదు దేశాల శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లలు ఎవరి ఆసరా లేకుండా నడవడమన్నది 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలు కావచ్చును. అంటే ఇద్దరు ఆరోగ్యవంతులైన బిడ్డల మధ్య తొమ్మిది నెలలకు పైగా అంతరం ఉండవచ్చునన్నమాట. ఈ విషయంలో పాత ఆచారమే మేలు. అది ఫలానా నెలలో అరిసెలు వండమని చెప్పలేదు. అడుగులు వేసినప్పుడు వండమన్నది. బిడ్డ సిద్ధమయ్యేవరకు బాణలి పొయ్యి ఎక్కదు.

రెండో ఏడు దాటిన బిడ్డ నోట తరచుగా వినిపించే మాట ‘నేనే’. నేనే తింటాను, నేనే తీస్తాను, నేనే వేసుకొంటాను. దీనిని పెద్దలు మారాము అనీ, మొండితనమనీ పేర్కొంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో వెలువరించిన గ్రంథంలో ఈ దశను గురించి భిన్నంగా చెప్పాడు. ఈ వయసులో బిడ్డకు తన శరీరం మీద, తన పనుల మీద తనకే అధికారం కావాలి. ఆ అవకాశం దొరికితే ఆత్మవిశ్వాసం కుదురుకొంటుంది. అడుగడుగునా అడ్డు తగిలినా, తప్పు చేసినప్పుడల్లా నలుగురిలో నవ్వులపాలు చేసినా సిగ్గు, సంశయం పాతుకొనిపోతాయి. మనం మారాము అంటున్నది చాలా సందర్భాలలో పని నేర్చుకోవాలనే ఆరాటమే. అయితే ప్రతి మారామూ ఆ కోవలోనిదేనని చెప్పలేము. నిద్ర వచ్చి ఏడ్చే బిడ్డకు కావలసినది స్వాతంత్ర్యం కాదు, పక్క.

పసిపిల్లలలో పని చేయాలన్న కోరిక ఎంత సహజమైనదో తెలిపే ప్రయోగం ఒకటి ఉన్నది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు పద్దెనిమిది నెలల పిల్లల ముందు కొన్ని సన్నివేశాలు కల్పించారు. బట్టలు ఆరవేస్తున్న మనిషి చేతినుంచి క్లిప్పు జారి కింద పడుతుంది. అతడు చేయి చాపినా అది అందదు. రెండు చేతులనిండా పుస్తకాలున్న మనిషి బీరువా తలుపు తీయలేక తడబడతాడు. ఎవరూ అడగకపోయినా, బహుమతి ఏదీ ఇవ్వకపోయినా పిల్లలలో చాలామంది వెళ్ళి సాయం చేశారు. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మన ఇళ్ళలో దీనికి ప్రయోగశాల అక్కరలేదు. అమ్మ చీపురు పట్టుకోగానే తనకూ చీపురు కావాలని వెంటపడే బిడ్డ ప్రతి ఇంటా ఉంటుంది. ఆ చీపురును లాగివేసి బొమ్మ చేతికిస్తాము. పదేళ్ళు గడిచాక అదే బిడ్డను పిలిచి ఊడవమంటే ఊడవదు. అప్పుడు ‘ఈకాలపు పిల్లలు’ అంటూ నిట్టూరుస్తాము.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల టోకు వర్తకానికి పేరొందిన పట్టణం. ఆ ఊరి ఇళ్ళలో ధర తగ్గినప్పుడు ఒకేసారి బస్తా ఉల్లిపాయలు కొని, వసారాలో ఆరబోసుకొనే అలవాటు ఉన్నది. అటువంటి ఒక ఇంటి వసారాను ఊహించండి. నాయనమ్మ పీట వేసుకొని ఉల్లిపాయలు ఏరుతున్నది. మూడేళ్ళ మనుమరాలు వచ్చి పక్కన చతికిలపడింది. ఆవిడ ఆ పిల్లను పొమ్మనలేదు. పెద్దవి ఈ గంపలో, చిన్నవి ఆ గంపలో వేయమన్నది. కొన్నాళ్ళకు పైపొట్టు తీయడం, మరికొన్నాళ్ళకు మెత్తబడినదానిని వేలితో నొక్కి గుర్తుపట్టి విడిగా పెట్టడం ఆ పిల్లకు అలవడతాయి. కత్తిపీట మాత్రం ఇంకా చాలాకాలం నాయనమ్మ మోకాలి కిందనే ఉంటుంది. పిల్ల తప్పు గంపలో వేసిన ఉల్లిపాయను ఆవిడ వెంటనే తీయదు. తీసినా, పిల్ల అటు తిరిగినప్పుడు తీస్తుంది.

ఈ నాయనమ్మ చేసిన పనికి రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ శాస్త్రరూపం ఇచ్చాడు. 1896లో పుట్టి 1934లో, ముప్ఫై ఎనిమిదవ ఏటనే మరణించిన ఈయన చెప్పినదాని సారాంశమిది. బిడ్డ ఒంటరిగా చేయగలిగిన పనులు కొన్ని, ఎవరు సాయపడినా ఇంకా చేయలేని పనులు కొన్ని ఉంటాయి. ఈ రెంటికీ నడుమ, తెలిసినవారు చేయూతనిస్తే చేయగలిగిన పనులు ఉంటాయి. ఎదుగుదల జరిగేది ఆ నడిమి చోటనే. చేయూత ఎక్కడ ఇవ్వాలో తెలిసినంత మాత్రాన చాలదు; ఎప్పుడు ఉపసంహరించుకోవాలో కూడా తెలియాలి. అరిసెల మీద నడిపిస్తూ చివర చేయి వదలడం వంటిదే ఇది. చేయి మొదటినుంచీ పట్టుకోకపోతే బిడ్డ పడిపోతుంది. ఎప్పటికీ వదలకపోతే నడక రాదు.

ఈ నేర్పు అత్యంత ప్రమాదకరమైన పరీక్షకు నిలిచే చోటు తాడేపల్లిగూడేనికి ఎంతో దూరాన లేదు. అది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి కలుస్తాయి; మిగులునీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి చేరుతుంది. 1999లో దీనిలో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యంగల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో ఇది చేరింది. అందరికీ తెలిసిన కొల్లేరు ఇంతవరకే: పక్షులు, చేపలు, పెద్దింట్లమ్మ తిరునాళ్ళు. ఆ నీటి నడుమ లంక గ్రామాలలో పసిపిల్లలు ఎలా పెరుగుతారన్నది అంతగా ఎవరూ పట్టించుకోని విషయం.

రోడ్లు, వంతెనలు రాకముందు లంక గ్రామాలకు దోనెయే దారి. బడికైనా, సంతకైనా, వైద్యానికైనా నీటిమీదనే పోవాలి. తాటిమానును తొలిచి చేసిన దోనెలో పసిబిడ్డ మొదట తల్లి మోకాళ్ళ మధ్య కూర్చుంటుంది. కదలకుండా కూర్చోవడమే తొలిపాఠం. ఆటకు ఒకపక్కకు ఒరిగితే దోనె బోల్తాపడుతుంది కనుక ఆ పాఠాన్ని రెండుసార్లు చెప్పవలసిన పనిలేదు. కాస్త పెద్దయ్యాక అడుగున చేరిన నీటిని డబ్బాతో తోడిపోయడం, తరువాత లోతు లేని చోట తండ్రి చేతులకింద తన చేతులుంచి గెడ వేయడం, ఆ తరువాత ఒడ్డు కనబడేంత దూరంలో ఒంటరిగా గెడ వేయడం. ఒక్కొక్క మెట్టుకూ ఏళ్ళు పడతాయి. ఇక్కడ పిల్లవాడు చేస్తున్నది ఆట కాదు, ఇంటికి నిజంగా అవసరమైన పని. తాను నీరు తోడకపోతే దోనె బరువెక్కుతుందని వానికి తెలుసు. తనవల్ల ఇంటికి ప్రయోజనమున్నదని తెలిసిన బిడ్డ ముఖంలోని గంభీరత, ఖరీదైన బొమ్మలు కొనిచ్చినంత మాత్రాన రాదు.

కాని దీనిని చూసి మురిసిపోయి ఊరుకోవడం తగదు. నీరు నేర్పుతుంది, నీరు పొట్టన కూడా పెట్టుకొంటుంది. కొల్లేటి లంకలలోనే కాక, ఏలూరు కాలువ గట్టునా, డెల్టా ప్రాంతంలో విస్తరించిన చేపల చెరువుల గట్లమీదా అడుగులు నేర్చుకొంటున్న బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఈ భయం ఉన్నది. చేపల చెరువుల సంగతి మరీ ప్రత్యేకం. 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువులను ప్రభుత్వం పెద్దఎత్తున తొలగించినా, తరువాతి కాలంలో కొన్ని మళ్ళీ వెలిశాయి. బయటి పల్లెలలోనైతే వరిచేలే చెరువులయ్యాయి. ఏటవాలుగా నిదానంగా లోతెక్కే సరస్సు అంచు వేరు, గట్టు దిగగానే లోతున్న చెరువు వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. బడిఈడు రాని పిల్లలకు పగటివేళ సంరక్షణ కేంద్రాలు ఉండాలి; ఆరేళ్ళు, ఆపైన వయసున్నవారికి ప్రాథమికమైన ఈతను, నీటివద్ద మెలగవలసిన తీరును నేర్పాలి. కుంటలు, కాలువలు ఇంటిముంగిటనే ఉండే బంగ్లాదేశ్ పల్లెలలో ‘ఆంచల్’ పేరుతో ఇటువంటి కేంద్రాలు నడిచాయి. తల్లులు ఇంటిపనిలో తలమునకలై ఉండే ఉదయపు గంటలలోనే పసివారు ఎక్కువగా నీటిపాలవుతున్నారని అక్కడ గుర్తించారు. ఆ గంటలలోనే పిల్లలను ఒకచోట చేర్చి చూసుకొన్నారు. మనకు ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలు మన పల్లెలకు వచ్చాయి. అంగన్‌వాడీ అనగానే గుడ్డు, పాలు గుర్తుకువస్తాయి గాని, నీటిపక్క ఊళ్ళలో ఆ కేంద్రపు తలుపు వేళకు తెరచి ఉండడమే ఒక రక్షణ. పైగా చేతులు కడుక్కొని వరుసలో కూర్చోవడం, తన పళ్ళెం తానే తెచ్చుకోవడం, తోటివారితో పంచుకోవడం బిడ్డ నేర్చుకొనేది కూడా అక్కడనే. కనుక స్వావలంబన అంటే బిడ్డను దాని మానాన వదిలివేయడమని ఎవరైనా భావిస్తే వారు కొల్లేరును ఒకసారి చూడవలసి ఉంటుంది. ఇక్కడ వదలడమూ, కనిపెట్టి ఉండడమూ ఒకే చేతికి రెండువైపులు.

ఇంకొక హద్దును కూడా గుర్తించాలి. ఇంటిపనిలో పాలుపంచుకోవడం వేరు, బాలకార్మికుడు కావడం వేరు. ఏలూరు తివాచీలకు శతాబ్దాల కీర్తి ఉన్నది. తండ్రి మగ్గం పక్కన కూర్చొని ఊలు రంగులు గుర్తుపట్టడం బిడ్డకు విద్య. రోజంతా అదే మగ్గానికి బిడ్డను అంటగట్టడం నేరం. 1986 నాటి బాలకార్మిక చట్టం పిల్లలను నియమించరాదని నిషేధించిన పనుల పట్టికలో తివాచీల నేత కూడా ఉండేది. 2016లో చేసిన సవరణతో పద్నాలుగేళ్ళలోపు వారిని ఏ పనిలోనూ పెట్టుకోరాదన్నారు. బడివేళలు ముగిశాక గాని, సెలవులలో గాని, ప్రమాదకరం కాని పనులలో కుటుంబానికి తోడ్పడడాన్ని మాత్రం మినహాయించారు. ఆ మినహాయింపు దుర్వినియోగమవుతుందని విమర్శించినవారూ ఉన్నారు. వారి అనుమానం నిరాధారమని అనలేము. ఇంటివరకు ఒక చిన్న కొలబద్ద చాలునని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ పనివల్ల బిడ్డకు బడి, ఆట, నిద్ర అనే మూడింటిలో ఏది తగ్గినా అది పాలుపంచుకోవడం కాదు.

ఈ కొలబద్దతో కొలిచినప్పుడు ఆడపిల్లకు, మగపిల్లవానికి మన ఇళ్ళలో జరుగుతున్నది వేరువేరుగా కనబడుతుంది. ఆరేళ్ళ అక్క తమ్ముణ్ణి చంకనెత్తుకొని తిరిగితే ‘బంగారుతల్లి’ అంటారు. ఎనిమిదేళ్ళ అన్న తిన్న కంచం తీయకపోయినా ఎవరూ ఏమీ అనరు. మరోవైపు వాడు సైకిలెక్కి కాలువ వంతెనదాకా పోయివస్తే మెచ్చుకొంటారు. అక్క వీధిచివరి కొట్టుదాకా పోవాలన్నా తోడు కావాలంటారు. ఒకరికి పని ఇచ్చి దారి మూసివేశాము. ఇంకొకరికి దారి ఇచ్చి పని తప్పించాము. ఇద్దరి ఎదుగుదలా సగమే.

ఇక పట్టణపు ఇళ్ళ సంగతి. ఏలూరులో ఒక అపార్ట్‌మెంటు, ఉదయం ఏడున్నర. కింద బడి ఆటో హారను మోగుతున్నది. ఐదేళ్ళ పిల్లవాడు బూటు తాడు ముడివేయడానికి రెండోసారి ప్రయత్నిస్తున్నాడు. తల్లికి ఆఫీసు వేళ మించిపోతున్నది. ఆమె వంగి రెండు క్షణాలలో ముడివేసి, ఇంకో చేత్తో ఇడ్లీ ముక్క నోట్లో పెట్టింది. ఆమెను తప్పుపట్టడానికి మనకు నోరు రాదు. అక్కడ కొరవడినది ప్రేమ కాదు, పది నిమిషాల కాలం. వసారాలో తీరికగా కూర్చొనే నాయనమ్మ వేరే ఊళ్ళో ఉన్నది. ఒకనాటి ఉమ్మడి కుటుంబం బిడ్డకు ఇచ్చిన పెద్ద వరం ఆస్తి కాదు. తొందరలేని మనిషి ఒకరు ఎప్పుడూ ఇంట ఉండడం. ముందురోజు రాత్రి బూట్లు గడపవద్ద పెట్టుకోవడం, బిడ్డను పావుగంట ముందు లేపడం, ఆదివారం పూట ముడి నేర్పడం వంటి చిన్న ఉపాయాలతో ఆ కాలాన్ని కొంత తిరిగి సంపాదించవచ్చును. పూర్తిగా మాత్రం సంపాదించలేము.

ఇంటి అమరిక కూడా బిడ్డకు తోడ్పడాలని ప్రపంచానికి బలంగా చెప్పినవారు మరియా మాంటిస్సోరి. ఇటలీ దేశపు వైద్యురాలైన ఈమె 1907 జనవరి 6న రోమ్ నగరంలోని ఒక పేదవాడలో తన మొదటి శిశుగృహాన్ని ప్రారంభించారు. చిన్న బల్లలు, అందే ఎత్తులో అరలు, బొత్తాలు పెట్టి తీయడం అభ్యసించే గుడ్డ చట్రాలు, నిజమైన గాజుపాత్రలు ఆ పద్ధతిలో భాగం. పగిలే పాత్ర అయితేనే బిడ్డ జాగ్రత్తగా పట్టుకొంటుందని ఆమె విశ్వాసం. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయారు. ఆమె పేరు పెట్టుకొన్న బడులు నేడు మన పట్టణాలలో వీధికొకటి ఉన్నాయి. వాటిలో కొన్నింట మూడేళ్ళ పిల్లలు కదలకుండా కూర్చొని పలకమీద అక్షరాలు దిద్దుతుంటారు. ఆమె చూస్తే ఏమనేవారో! ఆమె చెప్పినదానికి ఖర్చు పెద్దగా అక్కరలేదు. గోడకు బిడ్డ భుజమెత్తున ఒక మేకు, బిందె పక్కన చిన్న చెంబు, కింది అరలో బిడ్డ కంచం ఉంటే ‘అమ్మా, నీళ్ళు’ అనే కేక చాలావరకు తగ్గుతుంది.

ఇంటర్మీడియట్ చదువుతున్న మీకు ఈ సంగతులు దూరపువిగా తోచవచ్చును. వసతిగృహంలో చేరిన తొలివారాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. బట్టలకు సబ్బు ఎంత పెట్టాలో తెలియక నురుగులోనే మునిగినవారు, దుప్పటి మడతపెట్టడం రానివారు, జ్వరం వచ్చినట్టు ఎవరికి చెప్పాలో తెలియక ముసుగుతన్ని పడుకొన్నవారు మీ గదిలోనే ఉండి ఉంటారు. తొంభైకి పైగా మార్కులు తెచ్చుకొన్నవారే వారు. వారికి తెలివి లేక కాదు. మూడో ఏట చీపురు అడిగినప్పుడు ఎవరూ చేతికివ్వలేదు. ఇప్పుడు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ వెంటపడే చెల్లెలో, అన్నగారి బిడ్డో ఉండవచ్చు. ఆ ఇంట తొందరలేని మనిషి ఆ నాలుగు రోజులూ మీరే.

మళ్ళీ ఆ తాడేపల్లిగూడెం వసారాకే వద్దాము. మనుమరాలికి నాలుగేళ్ళు నిండాయి. నాయనమ్మకు దాహమైంది. లేవబోతుంటే పిల్ల ‘నేనే’ అంటూ లోపలికి పరుగెత్తి, రెండు చేతులతో చెంబు పట్టుకొని నిదానంగా నడిచివచ్చింది. గడప దగ్గర చెంబు ఒరిగి సగం నీళ్ళు నేలపాలయ్యాయి. పిల్ల ఒక క్షణం ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడ తలెత్తలేదు, చేతిలోని ఉల్లిపాయ పొట్టునే చూస్తున్నది. పిల్ల చెంబు అక్కడే దించి, వంటింటిలో మేకుకు వేలాడుతున్న గుడ్డ తెచ్చి, గడప తుడిచి, మిగిలిన నీళ్ళు తెచ్చి ఇచ్చింది.